మా అమ్మాయికి నేను పంపిన రిక్వెస్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. చెన్నైలో వ్యాసర్పాడి వైపు ఒక బడిలో ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను, అక్కడి పిల్లలకీ తెలుసు. నేను మెట్లెక్కే చప్పుడు వినబడితే క్లాసు దానంతటదే సద్దుమణుగుతుంది. చాలాకాలం దీన్నొక గొప్పగా అనుకున్నాను. భయం ఉంటేనే పిల్లలు దారిలో ఉంటారని మా అమ్మ అనేది, నేనూ ఆ మాటే పట్టుకుని వేలాడాను. నా ఒక్కగానొక్క కూతురు నాకేదీ చెప్పకుండానే పెరుగుతోందని గ్రహించేసరికి దానికి పదహారేళ్ళు వచ్చాయి.

అప్పుడు ప్లస్ వన్, అంటే పదకొండో క్లాసు చదువుతోంది. సాయంత్రం బడి నుంచి వచ్చి, పాలు తాగి, ఆరు నుంచి ఏడు దాకా ఫోన్లో ఒక ఆట ఆడేది. ఆ గంట ఇప్పించింది మా ఆయన. అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో పొద్దస్తమానం మిషన్ల హోరులో నిలబడి వచ్చే మనిషి, ఇంట్లో రభస లేకపోతే చాలంటాడు. ఆట ఏమిటంటే ఊరు కట్టడం. నలుగురైదుగురు జట్టుగా చేరి చెట్లు కొట్టి, ఇటుకలు కాల్చి, బావి తవ్వి, ఇళ్ళు లేపాలి. ఆడేవాళ్ళు ఏ ఊరివాళ్ళో ఎవరికీ తెలియదు. మనతో ఆడాలనుకున్నవాళ్ళు రిక్వెస్టు పంపుతారు. మనం సరేనంటే స్నేహితుల జాబితాలో చేరతారు, ఆ తర్వాత ఒకరికొకరు ఏమైనా రాసుకోవచ్చు.

మా స్టాఫ్ రూములో లెక్కల టీచరు ఒకరోజు ఇలాంటి ఆటల గురించి ఏదో భయంకరమైన కథ చెప్పింది. నా ఫోన్లోనే ఆ ఆట దించి మా అమ్మాయి కనబడుతుందేమో చూడమన్నాను. పేరు కొట్టగానే వచ్చేసింది. యూనిఫాం వేసుకున్న ఫోటో, జేబు మీద బడి బ్యాడ్జి, బ్యాడ్జి మీద బడి పేరు చదువుకునేంత స్పష్టంగా. కింద పుట్టినరోజు, ఊరు చెన్నై. ఎవరైనా రిక్వెస్టు పంపవచ్చని ఇంకో లైను. వీధి తలుపు బార్లా తెరిచిపెట్టి పిల్లని గుమ్మంలో కూర్చోబెట్టినట్టుంది.

ఇంటికి వచ్చి చెప్పులు విడవకముందే అందుకున్నాను. బుద్ధుందా అన్నాను, చదువుకున్న తల్లి కడుపున పుట్టి ఇదా అన్నాను. అది ఫోను తెచ్చి చూపించింది. రిక్వెస్టులు కుప్పగా పడి ఉన్నాయి, ఒక్కదానికీ సరేననలేదు. ఆ మాట నోటితో చెప్పబోయింది కూడా. నేను అప్పటికి సగం తిట్లలో ఉన్నాను, వినిపించుకోలేదు. నా ఎదుటే ఫోటో తీసేసి ఒక పిట్ట బొమ్మ పెట్టింది, పుట్టినరోజూ ఊరూ దాచేసింది. రిక్వెస్టులు మాత్రం మూసేస్తే కొత్త జట్టు దొరకదు, చూసి తీసుకుంటానంది. తెలియనివాళ్ళని తీసుకున్నావని తెలిస్తే ఫోను కూవం నదిలో పారేస్తానన్నాను. దానికీ 'సరిమా' అంది, సరేనమ్మా అని.

ఆ 'సరిమా'యే నన్ను నిలవనివ్వలేదు. ఏమన్నా సరిమా. కోపంగా కాదు, గొంతులో ఏ రుచీ లేకుండా. లోపల ఏముందో ఏం తెలుస్తుంది? వారం రోజులు కొట్టుకులాడి, చివరికి ఏ తల్లీ చేయకూడని పని చేశాను. అదే ఆటలో దొంగ పేరుతో ఒక అకౌంటు తెరిచాను. కోయంబత్తూరు పిల్లని, పదిహేడేళ్ళు, ఆటవాళ్ళే ఇచ్చిన రామచిలుక బొమ్మ. మా అమ్మాయికి రిక్వెస్టు పంపాను. తెలియనివాళ్ళు పిల్లల వెంటపడుతున్నారని గోల పెట్టినదాన్నే, తెలియనిదాన్నై మా పిల్ల వెంటపడ్డాను. కంచే చేను మేయడమంటే ఇదే.

తొమ్మిది రోజులు ఉలుకూ పలుకూ లేదు. పదో రోజు సరేనంది. ముందు నాకు ఒళ్ళు మండింది, చెప్పిన మాట వినలేదు కదా అని. ఆ మంట రెండు నిమిషాలు కూడా నిలవలేదు. జట్టులోకి రమ్మని పిలిచింది, వెళ్ళాను. ఆడటం రాక మాటిమాటికీ దాని బావిలో పడ్డాను. పడ్డప్పుడల్లా వచ్చి పైకి లాగింది. ఇంట్లో చెంబు అటు తీసి ఇటు పెట్టమంటే విసుక్కునే పిల్ల, ముక్కూ మొహం తెలియని చిలకని నాలుగుసార్లు బావిలోంచి తీసింది.

అప్పట్నుంచి రోజూ ఆరు గంటలకి అది హాల్లో, నేను వంటింట్లో. మధ్య ఒక గోడ. బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి, కూరగాయలు తరుగుతూ టైపు చేసేదాన్ని. తెలుగులో రాస్తే దొరికిపోతానని తమిళంలో, అదీ ఈ కాలం పిల్లల్లా ఇంగ్లీషు అక్షరాల్లో రాసేదాన్ని.

ఇక్కడ మా ఇంటి భాష గురించి కొంచెం చెప్పాలి. మూడు తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చి పాత మద్రాసులో ధాన్యం కొట్టు పెట్టుకున్న కుటుంబం మాది. మా తెలుగులో సగం అరవం కలిసిపోయింది. తిన్నావా అని అడగడానికి తమిళులు 'సాప్టియా' అంటారు. మా ఇంట్లో ఆ మాటకి తెలుగు తోక తగిలించి 'సాప్టావా' అంటాం. తమిళులు అట్లా అనరు, ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళూ అనరు. బళ్ళో పిల్లలెవరైనా అట్లాంటి మాట వ్యాసంలో రాస్తే నేనే ఎర్ర సిరాతో కొట్టేస్తాను. నాలుగో రోజో ఐదో రోజో, ఆట మధ్యలో, మా అమ్మాయి మధ్యాహ్నం డబ్బా తినకుండానే తిరిగి తెచ్చిన సంగతి గుర్తొచ్చి, చిలక పేరుతో అదే మాట కొట్టాను. సాప్టావా అని. రెండక్షరాల తేడా. పంపానన్న స్పృహ కూడా లేదు నాకు.

కాసేపు జవాబు లేదు. తర్వాత వచ్చింది. ఇంకా లేదు, మా అమ్మ ఇప్పుడే పప్పుకి తాలింపు పెడుతోంది అని. నిజంగానే నా చేతిలో ఆవాలున్నాయి. గోడ అవతలికి వాసన పోయిందని నవ్వుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగుతూనే ఉన్నాను. అది నన్ను పట్టేసింది ఆ పూటేనని నాకు తెలిసేసరికి మూడు నెలలైంది.

ఆ మూడు నెలలూ అది చిలకతో మాట్లాడింది. ఫిజిక్సు ఒక్క ముక్క అర్థం కావడం లేదంది, ట్యూషను కావాలని అమ్మతో అంటే క్లాసులో నిద్రపోతున్నావా అంటుందంది. ఆ వారమే మా వీధిలో ఒకావిడ దగ్గర ట్యూషను మాట్లాడాను, నాకే తట్టినట్టు. బడి సంచి అమ్మ వెతికేస్తుంది, అందులో ఏమీ లేకపోయినా సిగ్గుగా ఉంటుందంది. వెతకడం మానేశాను. చిన్నప్పటి స్నేహితురాలు ఇప్పుడు వేరే బెంచీలో కూర్చుంటోంది, ఎందుకో చెప్పడం లేదు అని రాసింది. ఆ ఆదివారం ఊరికేనే టి. నగర్ తీసుకెళ్ళి కుర్తా కొనిచ్చాను, జిగర్తండా తాగించాను. బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఎన్నేళ్ళయిందో అట్లా నిద్రపోయి.

నేనెంత తెలివైనదాన్నని మురిసిపోయానో చెప్పలేను. తల్లిగా నా బతుకులో మంచి కాలం ఆ మూడు నెలలే, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఒకసారి అడిగింది, మీ అమ్మ కూడా అరుస్తుందా అని. అరుస్తుంది, తర్వాత ఒక్కతే కూర్చుని బాధపడుతుంది అని రాశాను. మా అమ్మ కూడా బాధపడుతుందంటావా అని అడిగింది. పడుతుంది, నాకు తెలుసు అని రాశాను. ఆ రాత్రి అన్నాల దగ్గర అడగకుండానే నా కంచంలో నెయ్యి వేసింది.

ఆ తర్వాత ఒక గురువారం వచ్చింది ఆ కబురు. ఎవడో ఒకడు నెల రోజులుగా రిక్వెస్టులు పంపుతున్నాడట. అడ్డుపెడితే ఇంకో పేరుతో వస్తున్నాడట. పేరు మారినా రిక్వెస్టు కింద రాసే రెండు ముక్కల తీరు అదేనట, ప్రతి మాటకీ మూడు చుక్కలు. ఒకసారి స్నేహితురాలి స్నేహితుడినంటూ జట్టులోకి దూరి పలకరించాడట. ఫోటో తీసేయకముందే చూసి దాచుకున్నాడేమో, బడి పేరు చెప్పాడట. ఏ బస్సెక్కుతావు, స్టాపులో నిలబడనా అని అడిగాడట. అదంతా చిలకకి రాసి, చివర ఇంకొక మాట రాసింది. భయంగా ఉంది, అమ్మతో చెప్పాలి, ఎలా చెప్పాలో నువ్వే చెప్పు.

ఒక్కసారి ఊపిరి పీల్చుకుని ఉంటే సరిపోయేది. అన్నీ ఫోటోలు తీసి పెట్టుకో, వెళ్ళి మీ అమ్మతో చెప్పు, ఆమె ఏమీ అనదు అని రాసి ఉంటే చాలు. ఆ పిల్ల లేచి వంటింట్లోకి వచ్చేది. పదడుగులు. నా ఖర్మ, నేను నేనే కదా. గరిటె చేత్తోనే పట్టుకుని హాల్లోకి ఉరికాను.

"ఎవుడే వాడు? బస్ స్టాపు కాడికి వస్తానన్నాడా?"

అది తల ఎత్తింది. దాని మొహంలో ఆశ్చర్యం లేదు. నా రెండో చేతిలో ఉన్న ఫోను కేసి చూసింది, అందులో చిలక బొమ్మ ఇంకా వెలుగుతూనే ఉంది. నేనేం చేశానో అప్పటికీ నాకు ఎక్కలేదు. దాని ఫోను లాక్కున్నాను, అకౌంటు తీసేయమన్న చోట నొక్కాను. నిజంగా తీసేయాలా అని రెండుసార్లు అడిగింది ఆ ఫోను, రెండుసార్లూ నొక్కాను. "వద్దుమా, అవన్నీ ఉండాల" అని అది ఒక్కసారి అంది. వింటేగా.

మర్నాడు ముగ్గురం పోలీసు స్టేషనుకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాం. అక్కడున్న ఆవిడ మర్యాదగానే కూర్చోబెట్టింది. వాడి పేర్లేమిటి, ఏం రాశాడు, ఫోటోలు తీశారా అని అడిగింది. మా దగ్గర ఒక్కటీ లేదు. వాడు రాసినవన్నీ నేను తుడిచిపెట్టాను, నా చేత్తో. నేను టీచరునని తెలిసి ఆవిడ ఇంకేమీ అనలేక, ఈసారి ఏదొచ్చినా తుడపకుండా తీసుకురండి మేడమ్ అంది. తిరిగొస్తూ ఆటోలో మా ఆయన బయటికే చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు ఒక్క మాట అన్నాడు. "నీకు చెప్పుకుందామని వచ్చిన బిడ్డనే కదా తిట్టినావు."

ఆ సాయంత్రం దాని పక్కన వెళ్ళి కూర్చున్నాను. క్షమించమని అడగడం నాకు రాదు, నేర్చుకోలేదు. నీ మంచికే చేశానన్నాను. వేరే దారి లేక చిలకనయ్యానన్నాను. అది కాళ్ళు ముడుచుకుని, గోళ్ళు చూసుకుంటూ విని, నెమ్మదిగా చెప్పింది.

"నాకు ముందే తెల్సుమా. సాప్టావా అని మన ఇంట్లో తప్ప ఎవురంటారు? ఆ దినమే తెల్సిపోయింది."

మరెందుకు మాట్లాడావే అన్నాను.

"ఆడ నువ్వు అరవవు కదా. నేను చెప్పేది మొత్తం అయ్యేదాకా ఉంటావు. ఆడ చెప్తే ఈడ జరుగుతా ఉన్నింది."

మూడు నెలలు నేను దాన్ని కనిపెట్టి చూస్తున్నానని అనుకున్నాను. అదేమో, ఒక గోడ చాటున దొరికిన మంచి తల్లిని చెదరకుండా కాపాడుకుంటూ వచ్చింది. నాకు తెలిస్తే ఆ తల్లి పోతుందని, తెలిసినట్టు కనబడకుండా మెలిగింది. పదహారేళ్ళ పిల్లకున్న ఓర్పు నలభై ఏడేళ్ళ నాకు లేకపోయింది.

మళ్ళీ తెరుద్దాం అన్నాను. నిజంగా అన్నాను, బతిమాలుకున్నట్టే. ఇంక అరవను, నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో, నేను చిలకగానే ఉంటాను అన్నాను. అది కాస్త నవ్వింది కూడా.

"ఆ పిల్ల బాగుండెమా. దాన్ని నువ్వే తరిమేసినావు."

ఇంకో వారానికి కొత్త అకౌంటు తెరుచుకుంది. పేరేమిటో నాకు తెలియదు. ఎవరూ రిక్వెస్టు పంపలేకుండా పెట్టుకున్నానని తనే చెప్పింది, అడగకుండానే. నేను అడుగుతానని అనుకుని ఉంటుంది. బస్సు స్టాపు దాకా మా ఆయన కొన్నాళ్ళు తోడు వెళ్ళాడు, ఎవరూ రాలేదు. నేను మారాను. నోరు కట్టేసుకోవడం నేర్చుకున్నాను, మొదట్లో పళ్ళు నూరుకుంటూ, తర్వాత నిజంగానే. క్లాసులో పిల్లలు మేడమ్‌కి ఒంట్లో బాగాలేదేమోనని గుసగుసలాడుకున్నారు. ఇంట్లో దాని మాట సగంలో తుంచడం మానేశాను. కానీ తుంచడానికి ఇప్పుడు అక్కడ మాట ఏదీ? ట్యూషను ఎలా ఉందంటే బాగుందిమా. స్నేహితురాలు మాట్లాడుతోందా అంటే, ఆ మాట్లాడతా ఉందిమా. మంచిగానే చెబుతుంది, నవ్వుతూనే చెబుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలకి చెప్పినట్టు చెబుతుంది. అడిగినదానికి జవాబిచ్చే పిల్ల మీద కోపం ఎలా తెచ్చుకోను?

ప్లస్ టూలో, అర్ధ సంవత్సర పరీక్షల తర్వాత, తల్లిదండ్రుల మీటింగుకి దాని బడికి వెళ్ళాను. మార్కులు చూపించి సంతకాలు పెట్టించుకున్నాక వాళ్ళ కంప్యూటర్ టీచరు నన్ను పక్కకి పిలిచింది. తమిళావిడ, చిన్న వయసు. మీతో మాట్లాడాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను మేడమ్ అని నా చెయ్యి పట్టుకుంది. నాకేమీ అర్థం కాలేదు.

వాడు మళ్ళీ వచ్చాడట. మా అమ్మాయి రిక్వెస్టు దారి మూసేసింది కదా, దాని క్లాసు పిల్ల ఒకతె జాబితాలోకి దూరి, ఆ పిల్ల పిలిస్తే జట్టులోకే వచ్చి కూర్చున్నాడట. అవే మూడు చుక్కలు, అదే బస్సు సంగతి. మా అమ్మాయి ఒక్కటీ తుడపలేదు. వాడు రాసిన ప్రతి లైనూ ఫోటో తీసి, ఏ రోజు, ఏ పేరుతో రాశాడో వరసగా పెట్టుకుని ఈవిడ దగ్గరికి వెళ్ళింది. ఈవిడ ప్రిన్సిపాలుతో మాట్లాడి, ఆటవాళ్ళకీ పోలీసులకీ రాయించింది. వాణ్ణి పట్టుకున్నారు, ఇంకో ముగ్గురు పిల్లలని కూడా అట్లాగే వేధిస్తున్నాడట. ఇవన్నీ అయిపోయి నెల దాటింది.

మరి ఇంటికి కబురు చెయ్యలేదేం అని నేను అడగబోతున్నాను. ఆవిడే చెప్పింది. మొదట మీకు ఫోను చేద్దామనే అనుకున్నాం మేడమ్, కానీ మీ అమ్మాయి, మా అమ్మే నన్ను మీ దగ్గరికి పంపింది, ఇంట్లో అంతా తెలుసు అని చెప్పింది, సరేలే మీరే వెనకుండి నడిపిస్తున్నారని ఊరుకున్నాం అంది. ఇట్లాంటివి పిల్లలు ఇంట్లో చెప్పరు, భయపడి దాచుకుంటారు, మీ అమ్మాయి ముందు మీ దగ్గరికి వచ్చింది చూడండి, అది మీ పెంపకం అంది.

ఆవిడ కళ్ళల్లో నిజమైన గౌరవం ఉంది. అవును, ముందు నాకే చెప్పింది అన్నాను. నా గొంతు మామూలుగానే వచ్చింది.

ఎన్నాళ్ళు వేధించాడో మాత్రం, మర్చిపోయినదానిలా అడిగాను. ఆరు వారాలంది.

రెండు బస్సులు వదిలేసి స్టాపులో కూర్చున్నాను. ఆ ఆరు వారాల్లో మా ఇంట్లో ఏం జరిగిందా అని వెతుక్కున్నాను. ఏమీ జరగలేదు. అది రోజూ వేళకి లేచింది, జడ వేయించుకుంది, చట్నీలో ఉప్పు తగ్గిందంది. నేను దాని ఎదురుగా కూర్చుని రోజూ రెండు పూటలా తిన్నాను. ఇంటికి వెళ్ళేసరికి తలుపు తీసి, ఇంత ఆలస్యమేందిమా అని అడిగింది. బస్సు దొరకలేదన్నాను. మీ కంప్యూటర్ టీచరుతో మాట్లాడానని చెబితే, ఇంకా ఏమేం కనుక్కున్నానోనని దానికి మళ్ళీ అనుమానం. చెప్పలేదు. మార్కులు బాగున్నాయన్నాను. సరిమా అంది.